సెంట్రల్ పనిలో కూలీ లెక్క: మస్టర్ నుంచి లేబర్ క్లియరెన్స్ దాకా

ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ క్యాంపస్‌లు, రేణిగుంట విమానాశ్రయం, రైల్వే పనులు, చిత్తూరు మీదుగా పోయే జాతీయ రహదారులు. తిరుపతి చుట్టుపక్కల చిన్న కాంట్రాక్టర్లకు, గుంపు మేస్త్రీలకు సెంట్రల్ పనులు కొత్తేమీ కాదు. సిమెంటు, కడ్డీ, కొలతల దగ్గర తడబడేవాళ్లు తక్కువే. బిల్లు ఇరుక్కునేది కూలీ కాగితాల దగ్గర. వాటిని మొదటి రోజు నుంచి ఎలా నడపాలో కింద ఉంది.

ముందు తేల్చుకోవలసింది: పని ఎవరిది?

డబ్బు ఢిల్లీ నుంచి వచ్చింది కాబట్టి సెంట్రల్ కూలీ రేటు కట్టాలి అనుకోవడం మామూలు పొరపాటు. మన దగ్గర రేటు డబ్బు వెంట పోదు, సంస్థ వెంట పోతుంది. పని చేయించే సంస్థ కేంద్ర ప్రభుత్వ శాఖో, రైల్వేనో, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థో, కేంద్ర చట్టంతో ఏర్పడిన సంస్థో, కేంద్రం చేతిలోని స్వయంప్రతిపత్తి సంస్థో అయితే అది కేంద్ర పరిధి. వాళ్ల కాంట్రాక్టరు సైటు కూడా అందులోకే వస్తుంది. అదే కేంద్ర పథకం డబ్బుతో పంచాయతీరాజ్ వాళ్లో, ఆర్ అండ్ బీ వాళ్లో రోడ్డు వేయిస్తే అది రాష్ట్ర పరిధి. అక్కడ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే కనీస వేతనాల జాబితా చూడాలి, తనిఖీకి వచ్చేది రాష్ట్ర కార్మిక శాఖ.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు (పాత కార్మిక చట్టాల చోట వచ్చిన కొత్త చట్టాలు) అమల్లోకి వచ్చాయి. కానీ టెండర్ పుస్తకాల్లో ఇంకా కనీస వేతనాల చట్టం 1948, కాంట్రాక్టు కార్మికుల చట్టం 1970 అనే పేర్లు కనిపిస్తాయి. ఆ పేర్లు చూసి షరతు చెల్లదని అనుకోకండి. కాంట్రాక్టు షరతు కాంట్రాక్టు షరతే.

ఇంకో అపోహ లైసెన్సు గురించి. కాంట్రాక్టు కార్మికుల నిబంధనల పరిమితి ఇంతకుముందు 20 మంది, కొత్త కోడ్‌లో 50 మంది. మీ దగ్గర 30 మందే ఉంటే లైసెన్సు బాధ తప్పవచ్చు. కనీస వేతనం మాత్రం ఒక్క కూలీ ఉన్నా వర్తిస్తుంది.

రేటు కాగితం చదవడం

కేంద్ర పరిధిలో రేట్లు ఇచ్చేది చీఫ్ లేబర్ కమిషనర్ కార్యాలయం. ఏటా ఏప్రిల్ 1న, అక్టోబరు 1న కరవు భత్యం మారుతుంది. రోజు కూలీ అంటే మూల వేతనం, కరవు భత్యం కలిపిన మొత్తం. నిర్మాణ రంగానికి 2017 జనవరి 19 నాటి నోటిఫికేషన్‌లో అన్‌స్కిల్డ్ మూల వేతనం ఎ ప్రాంతంలో రూ. 523, బి లో 437, సి లో 350. పాత కాగితం ఒకటి చేతికి దొరికి, ఆ మూల వేతనమే రేటు అనుకుని టెండర్ వేసినవాడు మునిగినట్టే. భత్యం కలిశాక ఎ ప్రాంతంలో అన్‌స్కిల్డ్ రేటు 2024 అక్టోబరు 1 నాటికే 783 అయింది. సెమీ స్కిల్డ్ 868, స్కిల్డ్ 954, హైలీ స్కిల్డ్ 1,035. మీ పని జరిగే ఊరు ఏ ప్రాంతం కిందికి వస్తుందో ఉత్తర్వు చివర ఉన్న ఊళ్ల జాబితాలో చూడండి. ఎ, బి జాబితాల్లో పేరు లేని ఊరు సి కిందే లెక్క. సైటు ఏర్పేడులో ఉంటే చూడవలసింది ఏర్పేడునే, మీ ఆఫీసు ఉన్న ఊరిని కాదు.

టెండర్ వేసిన నాటి రేటు పని అయ్యేదాకా నడవదు. సగం పనిలో అక్టోబరు 1 వస్తే ఆ రోజు మస్టర్ (హాజరు పట్టీ) నుంచే కొత్త రేటు. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) పనుల్లో కూలీ పెరుగుదల భర్తీకి 10సీ అనే షరతు ఉంటుంది. అది మీ ఒప్పందానికి వర్తిస్తుందో లేదో టెండర్ షెడ్యూల్లో రాసి ఉంటుంది, ధర కోట్ చేసే ముందే చూసుకోండి.

ఇక తరగతి. ఇక్కడ మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. సీపీడబ్ల్యూడీ రేట్ల పుస్తకంలో బెల్దార్ అంటే మట్టి తవ్వి మోసే మామూలు కూలీ, అన్‌స్కిల్డ్. రాయలసీమలో బేల్దారి అంటే తాపీ పట్టి గోడ కట్టేవాడు. సైటు గుమాస్తా మేస్త్రీ చెప్పింది చెప్పినట్టు హాజరు పట్టీలో 'బేల్దారి' అని రాసుకుంటాడు. కంప్యూటర్ దగ్గర కూర్చున్న ఇంకొకరు దాన్ని అన్‌స్కిల్డ్ గడిలో వేస్తారు. తాపీ మేస్త్రీకి కాగితం మీద కూలీ రేటు పడుతుంది. అధికారి వచ్చి గోడ కడుతున్న మనిషిని పేరు అడిగి, రిజిస్టరులో అదే పేరు పక్కన అన్‌స్కిల్డ్ అని చూస్తే తేడా అంతా బాకీ కిందికి వస్తుంది. కాబట్టి బేల్దారి అనే మాట పట్టీలో రాయవద్దు. తాపీ మేస్త్రీ, రాడ్ బెండర్, సెంట్రింగ్ వడ్రంగి, మోత కూలీ అని చేసే పని రాయండి. మనిషి చేతిలో ఏ పనిముట్టు ఉందో అదే అతని తరగతి.

ఆడవాళ్ల కూలీ సంగతి. ఒకే స్లాబు పోతలో ఒకే గమేళా మోసే మగమనిషికి ఒక రేటు, ఆడమనిషికి వంద రూపాయలు తక్కువ అనేది అడ్డా మీద ఎంత అలవాటైనా వేతనాల కోడ్ ప్రకారం తప్పే. రిజిస్టరులో సమానంగా రాసి చేతికి తక్కువ ఇస్తే అది ఇంకో తప్పు.

గంటలు: అసలు బాకీ పుట్టేది ఇక్కడే

రోజు రేటు 8 గంటల పనికి. ఆ పైన ప్రతి గంటకూ రెట్టింపు. లెక్క తేలికగా ఉండటానికి ఒక కూలీ రేటు రూ. 600 అనుకుందాం. గంటకు 75, ఓవర్‌టైమ్ గంటకు 150. మేస్త్రీ ఒప్పందం ఇలా ఉంటుంది: 'పొద్దున 8 నుంచి రాత్రి 7 దాకా, 700 ఇస్తాం.' వినడానికి కనీస వేతనం కంటే 100 ఎక్కువే. భోజనం గంట తీసేస్తే పని 10 గంటలు. రావలసింది 600, దానికి తోడు 300, మొత్తం 900. రోజుకు 200 తక్కువ. 26 రోజులకు 5,200. అలాంటివాళ్లు 12 మంది ఉంటే నెలకు రూ. 62,400. ఆరు నెలల పనిలో ఇది ఎంత అవుతుందో వేసుకోండి. కార్మికుడు 3 సంవత్సరాల్లోపు క్లెయిము వేయవచ్చు, బాకీకి తోడు పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం ఉంది. తక్కువ కూలీ ఇచ్చినందుకు మొదటిసారి రూ. 50,000 దాకా జరిమానా వేరు.

అందుకే హాజరు పట్టీలో 'పి' అని ఒక గీత గీసి వదిలేయకండి. వచ్చిన సమయం, వెళ్లిన సమయం, ఓవర్‌టైమ్ గంటలు మూడూ ఉండాలి. సాయంత్రమే నింపాలి. శ్లాబు పోసిన రోజు కాంక్రీటు రిజిస్టరులో రాత్రి 10 గంటల దాకా పోత అని ఉండి, హాజరు పట్టీలో అందరూ 5 కే వెళ్లిపోయినట్టు ఉంటే ఆ రెండు పుస్తకాలే ఒకదాని మీద ఒకటి సాక్ష్యం చెబుతాయి. ఇంజనీరు దగ్గర ఉండే పోత రిజిస్టరును మీరు మార్చలేరు.

బట్వాడా

శనివారం ఖర్చులకు వెయ్యి రెండు వేలు చేతికిచ్చి, పండక్కి ఊరికి పోయేటప్పుడు లెక్క తేల్చడం మన దగ్గర పాత పద్ధతి. కోడ్ దీన్ని ఒప్పుకోదు. వారం బట్వాడా అయితే వారపు సెలవుకు ముందు రోజు, పదిహేను రోజులదైతే గడువు ముగిసిన రెండో రోజులోపు, నెల జీతమైతే తర్వాతి నెల 7వ తేదీలోపు మొత్తం ఇచ్చేయాలి. మనిషి మానేసినా, మీరు మాన్పించినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. వలస కూలీలు, తమిళనాడు నుంచి వచ్చే గుంపులు ఎక్కువగా ఉన్న సైటుకు వారం లెక్కే మేలు. మనిషి వెళ్లిపోయాక వెతుక్కునే పని తగ్గుతుంది.

డబ్బు ఎవరి ఖాతాకు వారికే వేయండి. 18 మంది కూలీ మొత్తం మేస్త్రీ ఖాతాలో వేసి 'అతను పంచుకుంటాడు' అనుకోవడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. మేస్త్రీ ఒకరికి ఎగ్గొడితే ఆ కూలీకి మీరు ఇచ్చినట్టు కాగితం ఉండదు, మళ్లీ మీరే ఇవ్వాలి. మీరు ఇవ్వకపోతే పని చేయించే శాఖ ఇచ్చి మీ బిల్లులో పట్టుకుంటుంది. మేస్త్రీ కమీషన్ ఉంటే అది వేరే చెల్లింపుగా రాయండి. నగదు ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే శాఖ ప్రతినిధి ఎదుట ఇచ్చి, వేతన రిజిస్టరు చివర తేదీ, స్థలంతో ఆయన సంతకం తీసుకోండి.

కోతలు జాగ్రత్త. హెల్మెట్, బూట్లు, చేతి తొడుగుల ఖరీదు కూలీలో పట్టకూడదు. అడ్వాన్సు పట్టవచ్చు, కానీ ఇచ్చిన రోజే రిజిస్టరులో పడి ఉండాలి. అన్నీ కలిపినా కోత జీతంలో సగం దాటకూడదు. మెస్ డబ్బు గొడవ వద్దనుకుంటే కూలీ పూర్తిగా ఖాతాలో వేసి, భోజనం డబ్బు వాళ్లచేతే విడిగా కట్టించండి.

పీఎఫ్, ఈఎస్ఐ, సెస్సు

అదే 600 రేటు కూలీ 26 రోజులు చేస్తే 15,600. పీఎఫ్ పరిమితి 15,000 మీద 12 శాతం, అంటే 1,800 కార్మికుడిది, 1,800 మీది. మీకు పాలనా ఖర్చు, బీమా కలిపి ఇంకో ఒక శాతం. ఈఎస్ఐ 15,600 మీద కార్మికుడి వాటా 0.75 శాతం, 117 రూపాయలు. మీది 3.25 శాతం, 507. రెండూ తర్వాతి నెల 15లోపు కట్టాలి. మూల వేతనం, కరవు భత్యం రెండిటి మీదా పీఎఫ్ పడుతుంది, భత్యాన్ని విడదీసి చూపితే మిగిలేది ఏమీ ఉండదు.

పని ఆగేది పేర్ల దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకులో ఒక్క పొడి అక్షరం, పాత యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు)లో ఇంటిపేరే లేకుండా ఉంటే ఖాతా జత కాదు. మునిరత్నం, మునిరత్నయ్య ఒకరే అని మీకు తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. పనిలో చేర్చుకునే రోజే ఆధార్, పాసుపుస్తకం పక్కపక్కన పెట్టి చూడండి. నియామక పత్రం కూడా ఆ రోజే చేతిలో పెట్టండి, అది ఇప్పుడు తప్పనిసరి.

నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు ఒక శాతం బిల్లులోనే కోసుకుంటారు. అది కోశారు కదా అని ఊరుకోకండి. ఆ డబ్బుతో వచ్చే సాయం కార్మికుడు సంక్షేమ బోర్డులో నమోదైతేనే అందుతుంది. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గత 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. ఆ 90 రోజులకు రుజువు మీ హాజరు పట్టీయే.

సైటు గోడ మీద, ఇంజనీరు బల్ల మీద

కూలీ రేట్లు, పని గంటలు, బట్వాడా రోజు, తనిఖీ అధికారి వివరాలు ఉన్న బోర్డు గేటు దగ్గర ఉండాలి. తెలుగు, హిందీ, ఇంగ్లీషు సరే. గుంపులో ఎక్కువమంది ఒడిశావాళ్లో తమిళులో అయితే వాళ్ల భాషలోనూ ఒకటి. నీళ్లు, మరుగుదొడ్లు, ప్రథమ చికిత్స పెట్టె గురించి చెప్పనక్కర్లేదు. 50 మంది దాటితే పిల్లల గది కూడా.

సీపీడబ్ల్యూడీ ఒప్పందంలో 19డీ షరతు చాలామంది కంటికి ఆనదు. ప్రతి నెలా 4న, 19న ఇంజనీరుకు ఒక పట్టిక ఇవ్వాలి. అంతకుముందు పక్షంలో ఎంతమంది పని చేశారు, ఎన్ని గంటలు, ఎంత కూలీ ఇచ్చారు, ప్రమాదాలు ఏమైనా జరిగాయా, ప్రసూతి సాయం ఎవరికి ఇచ్చారు అనేవి అందులో ఉంటాయి. ఇవ్వకపోతే పడే జరిమానా చిన్నదే. అయితే రెండేళ్ల పనిలో అలాంటి 48 పట్టికలు చివర్లో ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో తయారైతే చూసేవాడికి తెలిసిపోతుంది. ప్రతి పట్టికకూ ముట్టినట్టు తేదీతో సంతకం తీసుకోండి.

చివరి బిల్లు

సీపీడబ్ల్యూడీ ఒప్పందంలోని 45వ షరతు ప్రకారం సెక్యూరిటీ డిపాజిట్ విడుదలకు లేబర్ అధికారి క్లియరెన్స్ కావాలి. పని పూర్తయిన వెంటనే దానికి దరఖాస్తు పెట్టండి. పని పూర్తయ్యాక 3 నెలల దాకా ఫిర్యాదు ఏదీ పెండింగులో లేకపోయినా, 6 నెలల దాకా అధికారి నుంచి ఉత్తరం రాకపోయినా క్లియరెన్స్ వచ్చినట్టే భావించి, మిగతా ఇబ్బందులు లేకుంటే డిపాజిట్ ఇస్తారు. ఆ నెలలు లెక్కపెట్టేది పని పూర్తయిన తేదీ నుంచి. అందుకని పూర్తి చేసిన ధ్రువపత్రంలో ఏ తేదీ వేశారో చూసుకోండి. డిపాజిట్ చేతికొచ్చాక కూడా మస్టర్లు, బ్యాంకు జాబితాలు, ఈసీఆర్ (నెలవారీ పీఎఫ్ లెక్క) చలాన్లు పారేయకండి. క్లెయిము గడువు 3 సంవత్సరాలు కాబట్టి, ఆఖరి బట్వాడా తేదీ నుంచి కనీసం అంతకాలం చెదలు పట్టని చోట ఉంచండి.