బ్యాండ్ సా, ప్లేనర్ జరిపే ముందు జాగ్రత్తలు

బ్యాండ్ సా అంటే చక్రాల మీద పట్టీలా తిరిగే బ్లేడున్న రంపం మిషన్, ప్లేనర్ అంటే చెక్కను చిత్రిక పట్టే మిషన్. ముందు దారి కొలవండి. మిషన్‌కు రెండు వైపులా అడుగు చొప్పున ఖాళీ ఉండాలి. గుమ్మం దగ్గర కంటి అంచనా వద్దు, టేపు పెట్టండి. పొట్టు ఊడ్చేయండి. మిషన్‌ను పైపుల మీద దొర్లిస్తూ జరుపుతాం కదా, దొర్లే పైపుకు చిన్న చెక్క ముక్క అడ్డం పడినా అది ఆగిపోతుంది, మిషన్ పైభాగం ముందుకు తూలుతుంది.

మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి జేబులో వేసుకున్నాకే వైర్లు విప్పండి. ఏది ఎక్కడిదో గుర్తు రాయండి.

అసలు ప్రమాదం బ్యాండ్ సాతోనే. పోత ఇనుప చక్రం పైనుంటుంది, అడుగు ఇరుకు. బ్లేడు టెన్షన్ వదిలి, తీసేయండి. గునపంతో ఒక పక్క అంగుళం మాత్రమే లేపి వెంటనే దిమ్మె దోపండి, వేళ్లతో కాదు, కర్రతో. కింద ఎప్పుడూ కనీసం మూడు పైపులుండాలి. నెట్టేటప్పుడు నడుము ఎత్తు దాటి చేయి వేయొద్దు. ఒరిగిందా, పట్టుకోబోకండి, తప్పుకోండి. ఎటు తప్పుకోవాలో ముందే అందరికీ చెప్పి ఉంచండి.

ప్లేనర్‌ను టేబుల్ పట్టి లేపొద్దు, లెవెల్ పోతుంది. తాడు బేస్‌కే వేయాలి. కత్తుల మీద అట్ట కట్టండి.

వాడకుండా పక్కన పెడితే కింద దిమ్మెలు, టేబుల్‌కు పల్చగా గ్రీజు, బెల్టు వదులు. ప్లాస్టిక్ బిగించి చుట్టొద్దు, లోపల చెమ్మ పట్టి తుప్పొస్తుంది. పాత దుప్పటి మేలు.

త్రీఫేజ్ మళ్లీ కలిపాక, బ్లేడు ఎక్కించకముందే మోటారు ఎటు తిరుగుతోందో చూడండి. వెనక్కి తిరుగుతుంటే మెయిన్ ఆపి ఏవైనా రెండు ఫేజులు మార్చండి.