మొదటి ప్రసంగం సిద్ధం చేసుకోవడం ఎలా?

గుంటూరు, విజయవాడ ప్రాంతాల క్రైస్తవ సంఘాల్లో వాక్యం చెప్పే, అంటే బైబిలు మీద ప్రసంగించే, మొదటి అవకాశం చాలామందికి ఆదివారం ఆరాధనలో రాదు. ఎవరింట్లోనో జరిగే గృహకూటంలోనో, యువజనుల కూడికలోనో వస్తుంది. "వచ్చే వారం నువ్వు వాక్యం చెప్పు బాబూ" అని పాస్టరుగారు ఒక్క మాట అనేసి వెళ్లిపోతారు. ఇక కంగారు మొదలు. ఆ కంగారులో ఫోను తీసి పేరున్న ప్రసంగీకుల వీడియోలు వెతకబుద్ధి అవుతుంది. ఆ పని చివరికి వాయిదా వేయండి. మీ ముందు కూర్చునేవాళ్లు వాటిని ఎప్పుడో వినేశారు. లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హెయర్ గుంటూరు వచ్చింది 1842లో. అప్పటి నుంచి తరతరాలుగా ప్రసంగాలు వింటున్న ఊరిది. ముందు వరుసలో చాప మీద కూర్చున్న మామ్మగారికి మీరు చెప్పబోయే కథ మీకంటే బాగా వచ్చు. ఆవిడకు కొత్త కథ అక్కర్లేదు, తెలిసిన కథలో దాటిపోయిన మాట ఒకటి చూపిస్తే చాలు.

భాగం ఎంచుకోండి, చివరిదాకా చదవండి

సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్, కథోలిక సంఘాల్లో ఆ వారం పాఠాలు ముందే ఖరారై ఉంటాయి. స్వతంత్ర సంఘాల్లో ఎంపిక చాలావరకు మీదే. అలాంటప్పుడు మొదటిసారే బైబిలు చివర ఉన్న, ప్రతీకలతో నిండిన ప్రకటన గ్రంథం జోలికి పోవద్దు. సువార్తల్లోంచి ఒక సంఘటన తీసుకోండి. ఒక్క వచనం పట్టుకుంటే దాని చేత మనకు కావలసింది ఏదైనా చెప్పించవచ్చు. మొత్తం సంఘటన అంత తేలిగ్గా లొంగదు.

లూకా సువార్త 5:1-11 చూద్దాం. సీమోను (పేతురు), తోటి జాలరులు రాత్రంతా వేటాడినా ఒక్క చేపా పడలేదు. వలలు కడుక్కుంటున్నారు. సీమోను దోనెలో కూర్చుని యేసు బోధించారు. తర్వాత లోతుకు పోయి వల వేయమన్నారు. వల పిగిలేంత వేట, రెండు దోనెలూ మునిగేంత బరువు.

ఎక్కువ ప్రసంగాలు ఏడో వచనం దగ్గరే ఆగిపోతాయి. మాట విన్నాడు, వల నిండింది, మీ వలా నిండుతుంది, ఆమెన్. ఇది మామ్మగారికి కంఠతా వచ్చు. కానీ కథ పదకొండో వచనం దాకా ఉంది. ఒడ్డుకు చేరాక వాళ్లు సమస్తం విడిచి ఆయన వెంట వెళ్లారు. సమస్తంలో ఆ చేపలు కూడా ఉన్నాయి కదా! ఆశీర్వాదం అని మనం కేకలు వేసే ఆ వేటను వాళ్లు ఒడ్డునే వదిలేశారు. నా మటుకు ప్రసంగం పుట్టేది ఇక్కడే.

వెనక్కీ చూడాలి. ముక్కూమొహం తెలియని మనిషి మాటకు సీమోను లోబడ్డాడని కొందరు చెబుతారు. ఒక్క పేజీ తిప్పితే నాలుగో అధ్యాయంలో యేసు అప్పటికే సీమోను ఇంటికి వెళ్లి, అతని అత్తగారి జ్వరాన్ని గద్దించి స్వస్థపరిచారు. ముందూ వెనకా చదవకుండా ఎంత ఆవేశంగా చెప్పినా లాభం లేదు.

చదవడం పైకే చదవండి, రోజూ చదవండి. మన ఇళ్లలో ఉండే బైబిలు భాష గ్రాంథికం, వాక్యాలు పొడవు. ఎక్కడ ఆగాలో పెన్సిలుతో చిన్న గీత పెట్టుకుంటే సభలో తడబడరు.

ఒక్క వాక్యం రాసుకోండి

చెప్పదలచినదంతా ఒక్క వాక్యంలో కుదరకపోతే ప్రసంగం ఇంకా సిద్ధం కానట్టే. పై భాగానికి ఇలా రాయవచ్చు: "వల నింపిన ప్రభువు ఆ వలకంటే విలువైనవాడు." దీన్ని కాగితం పైన రాసి, దీనికి సాయపడని ప్రతిదాన్నీ కొట్టేయండి. ఎంతో ఇష్టపడి రాసుకున్న అంశం కూడా పోతుంది. పోనివ్వండి.

వ్యాఖ్యాన పుస్తకాలకు, వీడియోలకు ఇప్పుడు సమయం వచ్చింది. ఈ వేట జరిగిన గెన్నేసరెతు సరస్సు (గలిలయ సముద్రం) మంచినీటి సరస్సు, సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన ఉంది. 1986లో కరవు వల్ల నీళ్లు తగ్గినప్పుడు అక్కడి బురదలో మొదటి శతాబ్దం నాటి పడవ ఒకటి బయటపడింది. పొడవు సుమారు 27 అడుగులు, వెడల్పు ఏడున్నర. అలాంటివి రెండు నిండాయంటే ఎన్ని చేపలో వినేవాళ్లు ఊహించుకోగలరు. ఇలాంటి వివరం ఒకటి చాలు. వాట్సాప్‌లో తిరిగే "శాస్త్రవేత్తలు నిరూపించారు" కథలు మాత్రం వద్దు. యెహోషువ ప్రార్థనకు సూర్యుడు ఆగాడని బైబిలు చెప్పే రోజును నాసా కంప్యూటర్లు కనిపెట్టాయన్నది వట్టి కట్టుకథ. ఇంటికి వెళ్లి ఫోనులో వెతికిన కుర్రవాడు మీరు చెప్పిన వాక్యాన్ని కూడా అనుమానిస్తాడు.

ఉదాహరణ మన ఊరిదైతే మంచిది. ఏడాదంతా కష్టపడిన రైతు, మంచి ధర పలికిన రోజే టిక్కీలన్నీ (మిర్చి బస్తాలు) గుంటూరు మిర్చి యార్డులో వదిలేసి వెళ్లిపోయాడనుకోండి. ఊరు ఏమంటుంది? అంతే, అక్కడితో ఆపండి. ప్రార్థన కోసం ఎవరో చెప్పుకున్న ఇంటి గొడవను, పేరు దాచి అయినా, ఉదాహరణగా వాడకూడదు. కూటంలో అది ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది. ఇతర మతాల వారిని ఎగతాళి చేసి నవ్వించడం కూడా అంతే తప్పు.

నిలబడ్డాక

కాగితం ఒక్కటే ఉండాలి, అక్షరాలు పెద్దవి. మొదటి వాక్యం, చివరి వాక్యం పూర్తిగా రాసుకోండి, మధ్యలో గుర్తులు చాలు. ముందురోజు ఫోనులో రికార్డు చేసి వినండి. మీ గొంతు మీకే నచ్చదు, ఫరవాలేదు. నిమిషాలు చూసుకోండి. గృహకూటంలో పదిహేను నిమిషాలు ధారాళంగా సరిపోతాయి.

వందనాలు ఒక్కసారి చెప్పండి. పెద్దలందరినీ పేరుపేరునా తలుచుకుంటే ఐదు నిమిషాలు అక్కడే పోతాయి. అధ్యాయం, వచనం రెండుసార్లు చెప్పి, పేజీల చప్పుడు ఆగేదాకా నిలబడండి. కళ్లజోడు వెతుక్కునే పెద్దవాళ్లు ఉంటారు.

మన సంఘాల్లో చాలాచోట్ల పురుషులు ఒకవైపు, స్త్రీలు ఒకవైపు కూర్చుంటారు. కొత్తగా మాట్లాడేవాళ్లు భయంతోనో మొహమాటంతోనో పురుషుల వైపే చూస్తూ ముగించేస్తారు. సగం సంఘానికి వీపు చూపినట్టే అది. రెండు వైపులా, వెనక గుమ్మం దగ్గర నిలబడ్డవారి వైపు కూడా చూడండి.

మైకు ఉంటే ఎకో తగ్గించమని ముందే అడగండి. పాటకు అది అందమేమో గానీ మాటను మింగేస్తుంది. గదిలో ఇరవై మంది ఉంటే మైకే అక్కర్లేదు. పేరున్న ప్రసంగీకుడి గొంతును, అరుపును అనుకరించకండి. తరువాతి మాట గుర్తురానప్పుడల్లా "హల్లెలూయ చెప్పండి" అనడం కూడా అందరికీ తెలిసిన ఎత్తే. మరిచిపోతే మౌనంగా కాగితం చూసుకోండి. రెండు క్షణాల మౌనానికి ఎవరూ ఏమీ అనుకోరు.

"చివరిగా" అన్నాక నిజంగా ముగించండి. మూడోసారి "చివరిగా" వినబడేసరికి వంటింట్లోంచి టీ గ్లాసుల చప్పుడు మొదలవుతుంది.

కూటం అయ్యాక "ఎలా చెప్పాను?" అని అడగవద్దు, అందరూ బాగుందనే అంటారు. రెండు రోజులాగి, నమ్మకమైన ఒకరిని "ఆ రోజు నేను ఏం చెప్పాను?" అని అడగండి. మీరు కాగితం పైన రాసుకున్న వాక్యం వారి నోట వస్తే సరే. మిర్చి రైతు ఒక్కడే గుర్తున్నాడంటే, ఈసారి ఆ ఉదాహరణను సగానికి కుదించండి.