ప్రియస్‌లో కూలెంట్ తగ్గుతోందా? రేడియేటర్ విప్పే ముందు చూడాల్సినవి

ఇది రెండో తరం టొయోటా ప్రియస్ (2004–2009) సంగతి, పెట్రోల్ ఇంజిన్‌తో పాటు ఎలక్ట్రిక్ మోటారు కూడా ఉన్న హైబ్రిడ్ కారు. అమెరికాలో సెకండ్ హ్యాండ్ కారు కొనే మనవాళ్లలో చాలామంది చూపు దీనిమీదే పడుతుంది. బండి పాతది కాబట్టి కూలెంట్ (వేడిని లాగేసే ద్రవం) గొడవ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటే: నేరుగా రేడియేటర్ మీద పడటం.

ఈ కారులో కూలెంట్ తిరిగే దారులు రెండు. ఒకటి ఇంజిన్‌ది. రెండోది ఇన్వర్టర్‌ది (బ్యాటరీ కరెంటుని మోటారుకి తగ్గట్టు మార్చే పెట్టె), ట్రాన్స్‌యాక్సిల్‌ది (మోటార్లు, గేర్లు ఉండే భాగం). రెండింట్లో పోసేది ఒకే గులాబీ రంగు కూలెంటే అయినా ఇందులోది అందులో కలవదు, డబ్బాలూ వేరే. బయటికి ఒకటే రేడియేటర్‌గా కనిపిస్తుంది గానీ లోపల భాగాలు రెండు. అందుకే ముందు జబ్బు ఏ దారిలో ఉందో తేల్చుకోవాలి.

ఎర్ర త్రికోణం వెలిగింది, స్కానర్‌లో పీ0ఏ93 కోడ్ వచ్చింది

ఇది ఇన్వర్టర్ వైపు గోల. రేడియేటర్ తప్పు కావడం అరుదు, ఎక్కువగా పోయేది చిన్న ఎలక్ట్రిక్ పంపు. పరీక్షకి పైసా ఖర్చు లేదు. ఇన్వర్టర్ డబ్బా మూత తీసి, కారుని రెడీలో (డ్యాష్‌బోర్డులో READY దీపం వెలిగేలా) పెట్టి, టార్చి వేసి లోపలికి చూడండి. కూలెంట్ సుడి తిరుగుతూ కదిలితే పంపు బతికే ఉంది. చెరువులా కదలకుండా ఉంటే ముందు ఫ్యూజు, కనెక్టర్ చూడండి. అవి బాగుంటే పంపు పోయినట్టే. అది డ్రైవర్ వైపు హెడ్‌లైట్ కింద ఉంటుంది. ఈ పంపు మీద 2012 నవంబర్‌లో రీకాల్ (లోపం సరిచేస్తామని కంపెనీ ఇచ్చే పిలుపు) కూడా వచ్చింది, మీ కారుకి ఆ పని జరిగిందో లేదో విన్ నంబర్‌తో (కారు గుర్తింపు సంఖ్య) చూసుకోవచ్చు. "రేపు చూద్దాంలే" అని ఇలాగే నడిపితే పంపు ఖర్చు ఇన్వర్టర్ ఖర్చుగా మారుతుంది.

ఇంజిన్ డబ్బాలో మట్టం తగ్గుతోంది, కింద మరక లేదు

ఈ కారు డ్యాష్‌బోర్డులో ఉష్ణోగ్రత ముల్లు లేదు. బాగా వేడెక్కాక ఎర్ర దీపమే దిక్కు. అంతకంటే ముందు దొరికే ఆనవాలు ఏంటంటే, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు హీటర్ చల్లగాలి కొట్టి, కదలగానే మళ్లీ వేడిగాలి రావడం.

రేడియేటర్ మధ్యలో ఉండేది అల్యూమినియం, పక్కన ట్యాంకులు ప్లాస్టిక్. రెండూ కలిసే అంచుని వేలితో తడమండి. గులాబీ రంగు పొడి, ఎండిన ఉప్పు పెళ్లలా తగిలిందా? అక్కడే కారుతోంది. వేడికి బొట్టు బొట్టుగా వచ్చి అక్కడే ఆవిరైపోతుంది కాబట్టి నేలమీద మరక పడదు. దీనికి రేడియేటర్ మార్చడమే మందు. లీకు మూసే పొడులు, ద్రావణాలు పోయకండి, సన్నటి దారులన్నీ పూడుకుపోతాయి.

అంచు శుభ్రంగా ఉంటే వాటర్ పంపు చూడండి. ముందు సీటు కింద కార్పెట్ తడిగా ఉండి తియ్యటి వాసన వస్తే అది హీటర్ కోర్ (కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్). ఇక పీ1121 కోడ్ వస్తే అది కూలెంట్ వాల్వ్ (కూలెంట్ ఎటు పోవాలో మళ్లించేది), రేడియేటర్‌తో పనే లేదు.

నిజంగా విప్పాల్సి వస్తే

ఇంజిన్ చప్పుడు లేదంటే కారు ఆగినట్టు కాదు, ఇది హైబ్రిడ్. పవర్ ఆపి, తాళం ఇంట్లో పెట్టి రండి. తర్వాత డిక్కీలో కుడి మూల 12 వోల్టుల బ్యాటరీ నెగటివ్ తీగ తీయండి. ఆ తర్వాత డిక్కీ తలుపు మాత్రం మూయకండి, దాని గొళ్లెం కరెంటుతో తెరుచుకునేది! ఎడమ వైపున్న నారింజ రంగు సర్వీస్ ప్లగ్‌ని (పెద్ద బ్యాటరీ హై వోల్టేజ్‌ని తెంచేది) 1000 వోల్టుల రబ్బరు గ్లౌజులతో లాగి, జేబులో వేసుకుని, కనీసం 5 నిమిషాలు ఆగండి. నారింజ రంగు తీగలు ఎక్కడ కనిపించినా ముట్టుకోవద్దు.

ఇక థర్మాస్. ఈ కారులో దాదాపు 3 లీటర్ల వేడి కూలెంట్‌ని మూడు రోజుల దాకా దాచే ట్యాంకు ఉంది. రాత్రంతా చల్లారిన బండే కదా అని పొద్దున్నే పైపు లాగాను, మణికట్టు మీద బొబ్బ లేచింది. ఆ ట్యాంకుకి సొంత పంపు ఉంది. దాని కనెక్టర్ పీకాకే కూలెంట్ వదలండి.

ట్రాన్స్‌యాక్సిల్ కింద కూలెంట్ ప్లగ్ పక్కనే ఆయిల్ ప్లగ్ కూడా ఉంటుంది, ఏది ఏదో చూసి మరీ తిప్పండి. పైపులు లాగితే రావు. మెల్లగా మెలితిప్పి వదులు చేయాలి. కూలెంట్‌ని బకెట్లో పట్టి మూత పెట్టండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది విషం.

రేడియేటర్ తీయడానికి ఏసీ కండెన్సర్ (ఏసీ గ్యాస్‌ని చల్లబరిచే జాలీ) గొట్టాలు విప్పక తప్పకపోతే అక్కడ ఆగిపోండి. గ్యాస్ గాల్లోకి వదలడం అమెరికాలో నేరం. పైగా ఈ ఏసీ కంప్రెసర్‌కి ఎన్‌డీ-11 నూనే వాడాలి. మామూలు ఏసీల్లో వాడే పీఏజీ నూనె పోస్తే హై వోల్టేజ్ ఇన్సులేషన్ దెబ్బతింటుంది. ఆ ఒక్క పనీ హైబ్రిడ్ తెలిసిన షాపుకి ఇవ్వండి.

బిగించాక గడగడమంటోందా?

డ్యాష్‌బోర్డు వెనక నీళ్లు పోసినట్టు శబ్దం వస్తే లోపల గాలి ఉంది. మళ్లీ విప్పక్కర్లేదు. రేడియేటర్ పైనున్న బ్లీడర్‌ని (గాలి బయటికి వదిలే స్క్రూ) 6 ఎంఎం అలెన్ కీతో వదులు చేసి, నీళ్లు కలపక్కర్లేని గులాబీ కూలెంట్‌ని నెమ్మదిగా పోయండి. బ్లీడర్ బిగించాక ఇంజిన్ ఆగకుండా నడవాలంటే సర్వీస్ మోడ్ కావాలి. బ్రేక్ తొక్కకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి, పార్క్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా రెండుసార్లు, న్యూట్రల్‌లో రెండుసార్లు, మళ్లీ పార్క్‌లో రెండుసార్లు తొక్కండి. ఇదంతా ఒక్క నిమిషంలోపే జరగాలి. తర్వాత బ్రేక్ తొక్కి స్టార్ట్ చేయండి. ఇన్వర్టర్ దారికి దాని పైన వేరే బ్లీడర్ ఉంది. అక్కడ సన్నటి గొట్టం తగిలించి, పంపు తిరుగుతుండగా బుడగలు ఆగేదాకా చూడాలి. తర్వాత వారం రోజులు, పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు, రెండు డబ్బాల్లోనూ మట్టం చూసుకోండి.