రోబో బాడీ క్యాడ్‌ల గీసేటోళ్లకు నాలుగు ముచ్చట్లు

కొత్తగా రోబో టీంలకు వచ్చిన తమ్ముళ్లు చెల్లెళ్లు లాప్‌టాప్ తెరవంగనే క్యాడ్‌ల, అంటే కంప్యూటర్‌ల డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్‌ల, గీసుడు షురూ చేస్తరు, గట్ల చేయకుర్రి. ముందు వెర్నియర్ (సన్న కొలతలు తీసే పనిముట్టు) పట్టుకొని మోటర్, బ్యాటరీ, బోర్డు అన్నీ కొలిచి నోట్‌బుక్కుల రాసుకోర్రి. నెట్‌ల దొరికిన మోడల్ మనకు నల్లగొండల దొరికిన మోటర్‌కు సరిపోతదని గ్యారంటీ ఏం లేదు.

సాఫ్ట్‌వేర్ అంటే ఆన్‌షేప్ మంచిగుంటది, బ్రౌజర్‌లనే నడుస్తది, స్టూడెంట్లకు ఫ్రీ, ఇద్దరు ముగ్గురు ఒకేసారి పని చేయొచ్చు. స్కెచ్‌ల గీతలు నీలంగ ఉంటే ఇంకా కొలతలు తక్కువున్నయని, నల్లగ అయితేనే ముందుకు పోవాలె. షీట్ మందం 3 ఎంఎం అని ఒక వేరియబుల్ పెట్టుకోర్రి, రేపు 5 ఎంఎం అక్రిలిక్ దొరికితే ఒక్క నంబర్ మారిస్తే అయిపోతది.

ఇగ రంధ్రాల కాడ అందరు దెబ్బతింటరు. ఎం3 బోల్టుకు, అంటే 3 ఎంఎం మందమున్న బోల్టుకు, రంధ్రం సరిగ్గ 3 ఎంఎం పెడితే దూరదు, 3.2 నుంచి 3.4 పెట్టుర్రి, త్రీడీ ప్రింట్‌ల రంధ్రం ఇంకింత చిన్నగ వస్తది కాబట్టి ముందు చిన్న ముక్క ప్రింట్ తీసి బోల్టు దూర్చి చూడుర్రి. పోయినేడు నేను గిది చేయక మొత్తం ప్లేటు పాడు చేసి రాత్రంత రౌండ్ ఫైలుతోని అరగదీసిన, చేతులు బొబ్బలెక్కినయ్.

అసెంబ్లీల, అంటే స్క్రీన్ మీద పార్టులన్నీ జోడించే కాడ, అన్నీ పెట్టినంక స్క్రూడ్రైవర్ లోపటికి పోతదా లేదా చూడుర్రి, గిది ఎవ్వరు చూడరు. లేజర్ కటింగ్‌కు డీఎక్స్ఎఫ్ (గీతలున్న డ్రాయింగ్ ఫైలు) ఇచ్చేటప్పుడు యూనిట్ ఎంఎం అని షాపాయనకు నోటితోని గూడ చెప్పుర్రి.