అటక మీది వాల్వు రేడియో: ప్లగ్గు పెట్టే ముందు

అనంతపురం దుమ్ములో ఏళ్ళపాటు పడున్న సెట్టుకి ముందు శుభ్రం చేయడమే పని. స్టేషన్ మార్చే గ్యాంగ్ కండెన్సర్ రేకుల మధ్య మెత్తటి బ్రష్షే వాడండి. రేకు వంగితే స్టేషన్లు డయల్ మీద చోటు తప్పుతాయి. యూసీహెచ్81, యూఎల్84 వాల్వులుంటే అది మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ లేని రకం. చాసిస్‌కే, అంటే లోపలి లోహపు చట్రానికే, కరెంటు ఉండొచ్చు, కొత్తవాళ్ళు దాని జోలికి పోవద్దు.

అసలు దొంగ, స్పీకర్‌ని నడిపే అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కి (సిగ్నల్ అందుకునే కాలికి) వెళ్ళే 0.01 మైక్రోఫారడ్ పేపర్ కండెన్సర్. అది లీకైతే గ్రిడ్‌కి పాజిటివ్ ఓల్టేజీ చేరి వాల్వు ఎర్రగా కాలుతుంది, దాంతోపాటు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరూ పోతుంది. కొలుస్తూ కూర్చోకుండా 630 ఓల్టుల ఫిల్మ్ రకం వేసేయండి. డీసీని నునుపు చేసే ఫిల్టర్ కండెన్సర్ 32 మైక్రోఫారడ్ ఉన్నచోట 33 మైక్రోఫారడ్, 450 ఓల్టులది చాలు. హమ్ (గుయ్‌మనే మోత) పోతుందని 100 వేస్తే, ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ వాల్వు తట్టుకోదు.

తర్వాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బుని సెట్టుకొచ్చే కరెంటు తీగలో సిరీస్‌గా పెట్టి ఆన్ చేయండి. నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు. ఆపాక కూడా ఫిల్టర్లో 250 ఓల్టులు నిలవుంటాయి. 10 కిలోఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌తో ఆ ఓల్టేజీ దించాకే చెయ్యి పెట్టాలి.

డయల్ సరిచూడ్డానికి మీడియం వేవ్‌లో కడప ఆకాశవాణి, 900 కిలోహెర్ట్జ్. షార్ట్‌వేవ్‌లో ఒకే స్టేషన్ 910 కిలోహెర్ట్జ్ ఎడంతో రెండుచోట్ల వినపడితే కంగారొద్దు. సెట్టు లోపల సిగ్నల్‌ని మార్చుకునే ఐఎఫ్ (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ) 455 కిలోహెర్ట్జ్‌కి అది రెట్టింపు. మామూలుగా పై ఫ్రీక్వెన్సీదే అసలుది.