అంచు మెరుగు ఎప్పుడు పెట్టాలి?

నేను మొదటిసారి కుట్టిన తోలు కార్డుల పర్సులో కుట్లు తిన్నగానే వచ్చినా, అంచు మాత్రం రెండు పొరలుగా విచ్చుకున్నట్టు కనిపించింది. తప్పు కుట్టులో కాక పని వరుసలో ఉందని తరువాత గ్రహించాను: ముక్కలు కోయగానే ప్రతి అంచునూ విడిగా మెరుగుపెట్టి, మైనం పూసి, ఆపైన జిగురు రాశాను. మైనం పట్టిన చోట జిగురు నిలవదు. ముందే గుండ్రంగా అరగదీసిన రెండు అంచులు కలిస్తే నడుమ సన్నని గాడి మిగులుతుంది.

రెండోసారి ముక్కలకు రంగు వేసి పూర్తిగా ఆరనిచ్చాను. జేబు పైఅంచును మాత్రం అప్పుడే మెరుగుపెట్టాను, ఎందుకంటే కుట్టాక అక్కడికి పనిముట్టు సరిగా చేరదు. తరువాత, జిగురు పడే చోటును గరుకు కాగితంతో గీరి, అతికించి, రెండు పొరలనూ ఒకే కోతతో సమం చేసి, అంచుకు 3 మిల్లీమీటర్ల లోపల గీత గీసి, దాని మీదే రంధ్రాలు పొడిచి, రెండు సూదులతో కుట్టాను. ఆ తరువాతే అంచును నున్నచేసి, కొద్దిగా తడిపి, గుడ్డతో వేడెక్కేదాకా రుద్దాను. పొరల మధ్య గీత దాదాపు మాయమైంది. చెట్ల బెరడుతో పదును చేసిన తోలుకే ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. క్రోమియంతో పదును చేసిన తోలు అంచు ఇంతగా మెరుగు తేలదు. మైనం ఈసారి అన్నిటికన్నా చివర పూశాను.