రూట్ 66 మీద ఎడారి దాటాలంటే

రూట్ 66 అంటే అమెరికాలో 1926లో మొదలైన పాత హైవే. ఈ రోడ్డులో నాకు ప్రాణం అరిజోనాలోని కింగ్‌మన్ నుంచి కాలిఫోర్నియాలోని ఆంబోయ్ దాకా ఉన్న ముక్క. నవంబర్, మార్చి మధ్యలో వెళ్లండి. వేసవిలో పిల్లలతో అసలు వద్దు.

పెట్రోలు కింగ్‌మన్‌లోనే ఫుల్ చేయించండి, కాలిఫోర్నియాలో ధర మండిపోతుంది. మనిషికి కనీసం నాలుగు లీటర్ల నీళ్లు పెట్టుకోండి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, సిగ్నల్ ఉండదు. పులిహోర కట్టుకుంటే తిండికి టెన్షన్ లేదు.

సిట్‌గ్రీవ్స్ కనుమ దగ్గర తొందరపడకండి. రోడ్డు సన్నం, మలుపు మీద మలుపు, చాలాచోట్ల అంచున గోడ కూడా ఉండదు. దిగేటప్పుడు బండిని తక్కువ గేర్‌లో వేయండి, బ్రేకుల మీదే కాలు పెట్టి ఉంచితే వేడెక్కిపోతాయి. దిగగానే ఓట్‌మన్. ఒకప్పటి బంగారు గనుల ఊరు. గని పనివాళ్లు వదిలేసిన గాడిదల సంతతి ఇప్పటికీ వీధిలో తిరుగుతుంటుంది. కిటికీ దించితే మూతి లోపలికి పెట్టేస్తాయి! ముద్దొస్తాయి కానీ కరుస్తాయి, పిల్లల చేతులు జాగ్రత్త.

కాలిఫోర్నియాలోని నీడిల్స్ ఊరు దాటాక పాత వంతెనల వల్ల కొన్ని చోట్ల రోడ్డు మూసేస్తుంటారు, బయల్దేరేముందు అక్కడి కౌంటీ (జిల్లా లాంటిది) ఇచ్చే సమాచారం చూడండి. ఆంబోయ్‌లో రాయ్స్ అనే పాత మోటెల్ బోర్డు దగ్గరికి సాయంత్రానికి చేరేలా చూసుకోండి, ఫొటోలకు అప్పటి వెలుగే బాగుంటుంది.